అలవాటైపోద్దిలే

మాది కోనసీమలో ఒక మాలపేట. కాలవకి ఆ గట్టున ఊరు, ఈ గట్టున పేట. 2004లో నేను కువైట్ వెళ్లాను. 2016లో తిరిగొచ్చేశాను. మధ్యలో పన్నెండేళ్లూ రెండు అరబ్బుల ఇళ్లలో ఖద్దామాగా పనిచేశాను. ఖద్దామా అంటే పనిమనిషి. ఆ అరబ్బీ మాట ఇప్పుడు మా పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్ల గురించి మన పత్రికల్లో రెండు రకాల వార్తలే వస్తాయి. ఒకటి పెట్టెలో వచ్చిన శవం గురించి, రెండోది డాబా కట్టుకున్న మనిషి గురించి. శవమూ నిజమే, డాబా కూడా నిజమే. కాని ఆ రెండిటికీ మధ్య రోజూ తెల్లారుతుంది. లేవాలి, కడగాలి, వండాలి, ఏదో ఒకటి తినాలి, పడుకోవాలి. అర్థంకాని భాషలో తిట్లు పడాలి. ఆ రోజుల సంగతి ఎవరూ అడగరు. మేమూ చెప్పం. ఎవరైనా అడిగితే "బాగానే ఉండేది" అనేసి ఊరుకుంటాం. నేను పదో తరగతి పాసైనదాన్ని. అక్కడ తోటి ఆడవాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టిన చెయ్యి ఇది. నా సంగతి నేనే రాసుకోవాలని ఇప్పుడు కూర్చున్నాను.

కొత్తగా వెళ్లిన ప్రతి మనిషికీ పాతవాళ్లు చెప్పే మాట ఒకటుంది. "అలవాటైపోద్దిలే." ఎండకి ఏడిస్తే అదే మాట, తిండికి ఏడిస్తే అదే మాట. ఆ మాట నేను కువైట్‌లో మొదటిసారి వినలేదు. ఒకటో తరగతిలో చేరినప్పుడు పేట పిల్లల్ని గోడవారగా విడిగా కూర్చోబెట్టారు. మంచినీళ్ల కుండ మేం ముట్టుకోకూడదు. ఊరి పిల్లలెవరైనా ఎత్తి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఇంటికొచ్చి ఏడిస్తే మా అమ్మ నెత్తి నిమిరి "అలవాటైపోద్దిలే అమ్మా" అంది. అలవాటైపోయింది కూడా. దాహం వేస్తే చేతులు వాటంతటవే దోసిలి అయ్యేవి. 1985లో కారంచేడు జరిగేటప్పటికి నాకు పన్నెండేళ్లు. పేటలో అన్నలు మీటింగులు పెట్టారు. అంబేద్కర్ గురించి చెప్పారు. ఆ దోసిలి మీద నాకు కోపం రావడం అప్పుడు మొదలైంది.

పదో తరగతి తర్వాత పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. నా భర్త కొబ్బరి దింపు కార్మికుడు. 2003లో చెట్టు మీంచి పడి నడుం విరిగింది. చెట్టు ఆసామిది, నడుం మాది. ఆసుపత్రి ఖర్చు అప్పయింది. నూటికి ఐదు రూపాయల వడ్డీ. నాకు కూలి రోజుకి యాభై రూపాయలు, అది కూడా నాట్లు, కోతలు ఉన్న రోజుల్లోనే. ఏజెంటు నెలకి 40 దినార్లు అన్నాడు. అప్పటి లెక్కన ఆరు వేల రూపాయలు. ఏజెంటుకి ఇవ్వడానికి ఇంకో యాభై వేలు అప్పు చేశాం. కూతురికి తొమ్మిదేళ్లు, కొడుక్కి ఆరు. ఇద్దర్నీ అమ్మకి అప్పజెప్పి వెళ్లాను.

నా పాస్‌పోర్టులో పేరు లక్ష్మి. బాప్తిస్మం పేరు మరియ. ఇంట్లో, పేటలో, చర్చిలో మరియ. బడిలో వేరే పేరు ఎందుకో దళిత క్రైస్తవులకి చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారినవాళ్లని బీసీ-సీలో పెట్టారు. గుడికి రానివ్వనివాళ్లు చర్చికి వెళ్తే మాల కాకుండా పోతారట. ఊళ్లోవాళ్లకి మాత్రం ఎప్పటికీ మాలే. అందుకని మా తరంలో చాలామందికి బడికొక పేరు, దేవుడికొక పేరు.

దిగింది ఆగస్టు నెలలో, రాత్రి పూట. విమానాశ్రయం తలుపు దాటగానే పొయ్యి మూత తీసినట్టు మొహానికి సెగ కొట్టింది. రాత్రి కూడా ఇంత వేడి ఉంటుందని నాకు తెలీదు. కఫీల్, అంటే మన వీసాకి పూచీ ఉండే యజమాని, వచ్చి కారెక్కించుకున్నాడు. పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ దాన్ని నేను చూసింది రెండేళ్ల నాలుగు నెలల తర్వాత.

ఇంటావిడ కాగితాల్లో పేరు చూసి పలకడానికి తంటాలు పడింది. ముస్లిమా, హిందువా, మసీహీయా అని అడిగింది. మసీహీ అంటే క్రైస్తవురాలు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "మరియ" అన్నాను. "మరియం!" అని ఆవిడ మొహం వెలిగింది. వాళ్ల అమ్మమ్మ పేరు అదేనట. ఖురానులో ఆ పేరుతో ఒక అధ్యాయమే ఉందని తర్వాత తెలిసింది. మా ఊళ్లో నన్ను ఆ పేరుతో నిండుగా పిలిచిన ఆసామి లేడు. "ఒసే", "ఏమే", మరీ ప్రేమగా ఉంటే "మరిగా". ఆ పేరు వింటే చాలు, పేట మనిషినని తెలిసిపోయేది. అదే పేరు ఇక్కడ ఇంటి పెద్దావిడ పేరైంది. ఆ రాత్రి అది నాకు చాలా వింతగా ఉంది.

వాళ్లని నేను పిలవాల్సిన పిలుపులు "మామా", "బాబా". ఇంటావిడ మామా, ఇంటాయన బాబా. మామా అంటే మనకి అమ్మ తమ్ముడు. వారం రోజులు ఆవిణ్ని పిలిచినప్పుడల్లా నాకు మీసాలున్న మా మేనమామ గుర్తొచ్చి నవ్వొచ్చేది. నవ్వితే తిట్టేది.

గది మేడ మీద, ఇనప్పెట్టెలాంటిది. ఒక మంచం, ఒక ఏసీ. నా జన్మలో ఒంటరిగా ఒక గదిలో పడుకోవడం అదే మొదటిసారి. మా తాటాకింట్లో ఎనిమిది మందిమి పడుకునేవాళ్లం. ఎవరి కాళ్లో ఎవరి మీదో ఉండేవి. ఎవరో దగ్గేవాళ్లు, ఎవరో పలవరించేవాళ్లు. ఇక్కడ ఏసీ ఒక్కటే రాత్రంతా మూలిగేది. తలుపు తీసి పడుకుంటే చలి పోతుందని మామా కేకలేసింది. మనకీ వాళ్లకీ రెండున్నర గంటలు తేడా. మా పేటలో తెల్లవారి ఐదుకి కోడి కూసే వేళకి అక్కడ రాత్రి రెండున్నర. సరిగ్గా ఆ టైముకి నాకు మెలకువ వచ్చేసేది. పిల్లలు లేచుంటారు, అమ్మ పొయ్యి రాజేస్తుంటుంది అనుకుంటూ చీకట్లో కూర్చునేదాన్ని. నా ఒళ్లు కువైట్ గడియారానికి తిరగడానికి ఆర్నెల్లు పట్టింది.

ఐదింటికి పని మొదలు. మూడంతస్తుల ఇల్లు, తొమ్మిది మంది మనుషులు. ఊడవడం, తుడవడం, బట్టలు, ఇస్త్రీ, పిల్లల స్నానాలు, వంట. మగవాళ్లు కూర్చునే పెద్ద హాలుని దివానియా అంటారు. రాత్రి పదింటికి అక్కడికి చుట్టాలొస్తే టీలు, కాఫీలు మోసి, కప్పులు కడిగేసరికి పన్నెండు దాటేది. రంజాన్ నెలలో పగలంతా ఉపవాసం అంటే మనకి పని తక్కువేమో అనుకున్నాను. తారుమారు. సాయంత్రం ఇఫ్తారుకి రకరకాల వంటలు, మళ్లీ తెల్లవారుజామున సహరీ. హరీస్ అని గోధుమలూ మాంసం కలిపి గంటలకొద్దీ ఉడికించి మెత్తగా మెదపాలి. హైదరాబాద్ హలీంకి చుట్టం అది. ఆ నెలంతా రెండు మూడు గంటల నిద్ర దొరికితే గొప్ప.

నేను నేర్చుకున్న మొదటి అరబ్బీ మాటలు ఇవి. తాల్ అంటే రా. రూహ్ అంటే పో. జీబ్ అంటే తే. యల్లా అంటే కానీ, తొందరగా. అన్నీ పురమాయింపులే. చిన్నపిల్లలైతే అమ్మ, పాలు, చందమామ అని నేర్చుకుంటారు. పనిమనిషి భాష రా, పో, తే దగ్గర మొదలవుతుంది. లేష్ అంటే ఎందుకు. ఆ మాట తెలిసి కూడా నోటితో అనడానికి నాకు మూడేళ్లు పట్టింది.

తిండి సంగతి. మజ్బూస్ అని బాసుమతి బియ్యం, మాంసం, ఎండబెట్టిన నిమ్మకాయలు వేసి వండుతారు. రుచి బాగుంటుంది. రోజూ తింటే నాలిక కారం కోసం కొట్టుకుంటుంది. ఎండుచేపలు కాల్చుకోవాలని ప్రాణం లాగేది. ఆ వాసనకి మామా ఇల్లంతా తిరిగి అగరు పొగ వేసింది. వాళ్లు జుబైదీ అనే చేప తెస్తే చూస్తే మన చందువ. అరగంట దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. ఊరి మనిషి కనిపించినట్టుంది. పేటలో పెద్దకూర వండిన రోజున పిల్లల చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి బడికి పంపేవాళ్లం, వాసనొస్తే వెక్కిరిస్తారని. ఇక్కడ ప్రతి పేటకీ ఉండే సహకార దుకాణం, జమియాలో, అదే మాంసం దీపాల కింద పేర్చి ధర రాసి పెట్టారు. పెద్ద పెద్ద కార్లలో వచ్చి కొనుక్కెళ్తున్నారు. మనం దాచుకున్నది ఇదా అనుకున్నాను.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది, బాబా తల్లి. వంట ఆవిడే నేర్పింది. మొదటిసారి నేనొక్కదాన్నే వండిన రోజున పెద్ద పళ్లెం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. నా చేతులు వణికాయి. ఆవిడ పళ్లెంలో చెయ్యి పెట్టి, ముద్ద తీసి, నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువైందంది. అంతే. ఉప్పు తక్కువైంది. ఇంకేమీ తక్కువ కాలేదు. మా ఊళ్లో మేం నాటిన వరి, మేం కోసిన వరి, మేం కుప్ప నూర్చిన ధాన్యం వాళ్లకి పనికొస్తుంది. అదే బియ్యం మేం వండితే పనికిరాదు. బియ్యానికీ అన్నానికీ మధ్య ఎక్కడ మైల పడుతుందో నాకు చిన్నప్పట్నించీ అర్థం కాలేదు. ఆ రోజు ఆ పళ్లెం ముందు నుంచుంటే అది ఎక్కడా పడదని కళ్లతో చూశాను.

మొదట్లో నెలకోసారి ఫోను. మా పేటలో ఫోను లేదు. ఊళ్లో ఒక కొట్లో ఉంది. ముందే కబురు పెడితే అమ్మ వెళ్లి కొట్టు బయట అరుగు కింద నుంచునేది. కిటికీలోంచి రిసీవరు అందించేవాళ్లు. కార్డులో ఉన్న నిమిషాలు అప్పు లెక్కలకీ, పిల్లల జ్వరాలకీ సరిపోయేవి కాదు. ఒకసారి అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వొండితే తింటన్నారా ఆళ్లు?"

"తింటన్నారమ్మా."

"చెప్పేవా మనం ఎవరివో?"

"చెప్పినా అర్థం కాదమ్మా ఆళ్లకి."

చాలాసేపు మాట్లాడలేదు. కార్డు అయిపోతోంది. తర్వాత మెల్లిగా అంది. "అర్థం కాపోడమేంటే? మడిసన్నాక తెలకుండా ఉంటదా?" కులం తెలియని మనుషులుంటారని మా అమ్మ నమ్మలేకపోయింది. ఆవిడ కొట్టు బయట నుంచునే ఆ మాట అడుగుతోంది మరి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కువైట్‌లో నది లేదు. సముద్రం నీళ్లలో ఉప్పు తీసి మంచినీళ్లు చేస్తారు. అక్కడ ఎవరూ నన్ను కుళాయి దగ్గర ఆపలేదు. ఫ్రిజ్‌లో సీసా తీసి తాగితే ఎవరూ ఆ సీసా పారెయ్యలేదు. గోదావరి కాలవల మధ్య పుట్టి దోసిలి పట్టాను. చుక్క నీరు పుట్టని ఎడారికి వెళ్లి గ్లాసుతో తాగాను.

ఇదంతా చదివి కువైట్ స్వర్గం అనుకోవద్దు. నా చేతి వంట తిన్న ఆ ఇంట్లోనే వాళ్లు బయటికి వెళ్తే గేటుకి బయట తాళం వేసేవాళ్లు. మొదటి మూడు నెలల జీతం వీసా ఖర్చు కింద పట్టేసుకున్నారు. తర్వాత కూడా రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి ఇచ్చేవాళ్లు. రెండేళ్ల నాలుగు నెలల్లో ఒక్క రోజు సెలవు లేదు. మామాకి కోపం వస్తే చెయ్యి లేచేది. బయటికి పరిగెడదామంటే బతాకా, అంటే గుర్తింపు కార్డు, వాళ్ల దగ్గరే. కఫీల్ ఇల్లు వదిలి వెళ్తే పారిపోయిందని కేసు పెడతారు. పోలీసులు పట్టుకుంటే నేరం కొట్టినవాళ్లది కాదు, పారిపోయిన మనిషిది. దీన్ని కఫాలా పద్ధతి అంటారు. మన పెద్దవాళ్లకి పాలేరుతనం తెలుసు. అప్పు తీరేదాకా ఆసామిని వదిలి పోకూడదు, పోతే పట్టుకొచ్చి కట్టేస్తారు. ఇది దాని చుట్టమే.

పనికి జీతం కూడా పాస్‌పోర్టుని బట్టే. అదే ఇంట్లో అదే పని చేసిన ఫిలిప్పీన్ అమ్మాయికి నాకంటే ఎక్కువ. అక్కడివాళ్లలోనూ తెగలున్నాయి, తెగల గొప్పలున్నాయి, పెళ్లి మాటలప్పుడు అవి బయటికొస్తాయి. బెదూన్లు అని ఏ దేశం కాగితాలూ లేని అరబ్బులున్నారు, వాళ్ల బతుకు వేరే. పుట్టుకని బట్టి మనిషిని కొలవడం ఒక్క మన దేశంలోనే ఉందని నేననను. కాని ముట్టుకుంటే మైలపడతామనే భయం అక్కడ చూళ్లేదు. ముట్టుకుంటారు, నా ఒళ్లో పెరిగిన పిల్ల నా ఎంగిలి ముద్ద తినేది, అయినా తాళం వేస్తారు. అంటరానితనం లేకుండా కూడా బానిసత్వం ఉంటుందని నాకు అక్కడ తెలిసింది. మన దగ్గర రెండూ కలిసి ఉండబట్టి రెండూ ఒకటే అనుకున్నాను.

2006 జూన్‌లో కువైట్ ఆడవాళ్లు మొదటిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటేశారు. ఓటు హక్కు వచ్చింది అంతకుముందు ఏడాదే. మామా ఆ రోజు కొత్త అబాయా వేసుకుంది. నేనే ఇస్త్రీ చేసిచ్చాను. తిరిగొచ్చి పెళ్లికెళ్లొచ్చినట్టు ఫోన్లలో అందరికీ చెప్పుకుంది. మా దేశంలో మొదటి ఎన్నికల నించీ ఆడవాళ్లకి ఓటుందని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. నమ్మలేదు. "నువ్వు వేశావా?" అంది. వేశానన్నాను. నన్ను పైనించి కిందికి చూసింది. ఆ ఒక్క పూట ఆవిడ నన్ను ఖద్దామాలా చూళ్లేదు. మర్నాడు మామూలే.

2006 డిసెంబరులో క్రిస్మస్‌కి ఇంటికొచ్చాను. కొడుకు మా అమ్మ వెనకాల దాక్కుని "మళ్లీ ఎప్పుడెల్తావు?" అని అడిగాడు. అప్పు సగమే తీరింది. 2007లో మళ్లీ వెళ్లాను, వేరే ఇంటికి.

ఈ రెండో ఇల్లు నయం. పద్ధతిగా జీతం. రెండు వారాలకోసారి శుక్రవారం సెలవు. సెలవంటే మాకు మాలియా. కువైట్ సిటీలో మనవాళ్లు కలుసుకునే చోటు అది. బస్సు దిగితే కడప యాస, గోదావరి యాస చెవుల్లో పడతాయి. ఆవకాయ, జంతికలు, ఫోన్ కార్డులు, డబ్బు పంపే ఎక్స్చేంజీలు. అక్కణ్నించి నేషనల్ ఎవాంజెలికల్ చర్చికి వెళ్లేవాళ్లం. ఒకే ఆవరణలో ఎన్నో భాషల ప్రార్థనలు. మా తెలుగు ప్రార్థనలో గొంతెత్తి పాడితే రెండు వారాల బరువు దిగేది. అక్కడ కూడా కొత్త మనిషి రాగానే ఊరు అడిగేవాళ్లు, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఎవరి తాలూకు అని. మాలలొక పక్క, మాదిగలొక పక్క కూర్చోవడం కూడా చూశాను. ఇంటి దగ్గర కాలవ దాటని మనుషులం, సముద్రం దాటినా ఆ గీత మాత్రం దాటలేదు.

మా వెనక ఇంట్లో ఒక తెలుగామె పనిచేసేది. మాది గోదావరే, మీది గోదావరే అనుకుని మురిసిపోయాం. రాత్రి చెత్తడబ్బా దగ్గర మాత్రమే కలుసుకోడానికి వీలు. చెత్త పారెయ్యడానికి ఐదు నిమిషాలు, మాట్లాడుకోవడానికి ఇంకో ఐదు. ఆమె గోంగూర పచ్చడి ఇచ్చింది. నేను చందువ పులుసు చిన్న డబ్బాలో ఇచ్చాను. లొట్టలేసుకుని తిన్నానని చెప్పింది. నాలుగో వారమో ఐదో వారమో అడిగింది.

"మీది ఊళ్లోనా, ఎటేపు?"

"కాలవవతల."

కోనసీమ మనిషికి ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఆమె చెత్తసంచి డబ్బాలో పడేసి, "పిల్లాడు లేస్తాడు" అని లోపలికెళ్లిపోయింది. తర్వాతి వారం నా డబ్బా తీసుకోలేదు. శనివారం ఒక్కపొద్దు అంది. ఆ పై వారం ఒంట్లో బాగోలేదంది. నేను ఆ డబ్బా పట్టుకుని ఆ వీధిలో నుంచున్నాను. పొద్దున్నించీ ఇద్దరం కడిగింది మరుగుదొడ్లే. ఇద్దరి చేతులకీ ఒకే ఫినాయిలు వాసన. ఇద్దర్నీ పిలిచేది ఖద్దామా అనే. ఆమెకి మాత్రం నాకన్నా పైన ఉండడానికి ఒక మెట్టు కావాలి. ఆ మెట్టు గోదావరి నించి మోసుకొచ్చుకుంది.

రెండేళ్ల తర్వాత వాళ్లింట్లో ఆమెకి ఐదు నెలల జీతం ఆపేశారు. చదువు రాదు. తెలిసినవాళ్లు లేరు. ఒక రాత్రి చెత్తడబ్బా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. అదే చెయ్యి. మన ఎంబసీకి అర్జీ నేనే రాసిపెట్టాను. పదో తరగతి ఇంగ్లీషు, తప్పులుంటాయి, పనికొచ్చింది. కొంత జీతం వచ్చింది. అప్పట్నించి అక్కా అనేది. పులుసు అడిగి తీసుకునేది. ఇంకో మూడేళ్లు మేం ఒకరి తిండి ఒకరం తిన్నాం.

2018లో అమలాపురం బస్టాండులో కనపడింది. చుట్టూ వాళ్ల బంధువులు. నేను నవ్వాను. ఆమె కళ్లు నన్ను గుర్తుపట్టాయి. మొహం పక్కకి తిరిగిపోయింది. నాకు ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కాని ఆలోచిస్తే ఇంకో సంగతి తోచింది. కువైట్‌లో ఆమెకి నా చేతి పులుసు అలవాటైంది. అంటే అంటరానితనం రక్తంలో లేదు, దేవుడు రాయలేదు. అది అలవాటు. ఇంకో చోట, ఇంకో అవసరంలో, చుట్టూ చూసే ఊరు లేనప్పుడు వదిలిపోయింది. మళ్లీ ఊరు చుట్టూ చేరగానే తిరిగొచ్చింది. దాన్ని కాపలా కాస్తున్నది ఆ బంధువుల గుంపు. పోరాడాల్సింది ఆ గుంపుతో.

నేను తిరిగొచ్చాక మళ్లీ అలవాటు పడాల్సి వచ్చింది. పేటలో డాబా ఉంది, నేను కట్టించిందే, కానీ అందులో ఏ గిన్నె ఎక్కడుందో నాకు తెలీదు. కూతురు నర్సింగు చదివి ఉద్యోగంలో చేరింది. నా మాట వింటుంది, కాని సలహా అమ్మమ్మనే అడుగుతుంది. రాత్రి గదిలో ఒక్కదాన్నే పడుకోవడానికి అలవాటైపోయి, పక్కన మనిషి దగ్గినా మెలకువ వచ్చేది. ఊళ్లో ఆసాములకి మా డాబాలు కంట్లో నలుసులు. కూలికి పిలిస్తే రావడం లేదని, కువైట్ డబ్బు తలకెక్కిందని అంటారు.

ఆ నలుసు ఎంత గుచ్చుతోందో 2022లో తెలిసింది. ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరుకి ముందు అంబేద్కర్ పేరు చేర్చబోతున్నారని తెలిసి మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ మంత్రి దళితుడు. మేం పేటలో తలుపులేసుకుని పొగ చూశాం. పేరు చివరికి నిలిచింది. ఇప్పుడు మా జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. రేషను కాగితం మీద, కరెంటు ఆఫీసులో, ఆ పేరు నచ్చనివాళ్లు కూడా అదే రాయాలి. వాళ్లకీ ఒక కొత్త అలవాటు రావాలి.

ఇప్పుడు మా పేట నించీ పక్క పేటల నించీ వెళ్లే ఆడపిల్లలు కాగితాలు పట్టుకుని నా దగ్గరికొస్తారు. నేను వెళ్లినప్పటికీ ఇప్పటికీ చట్టం మారింది. కువైట్‌లో 2015లో ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు. వారానికో రోజు సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లు చేశారు. చట్టం కాగితం మీద ఉంటుంది, తాళం గేటుకి ఉంటుంది, ఆ సంగతి నాకూ తెలుసు. మన దగ్గర అట్రాసిటీ చట్టం 1989 నించీ ఉంది. అయినా ఉన్న చట్టం తెలిసిన మనిషిని బెదిరించడానికి ఎదుటివాడు ఒకసారి ఆలోచిస్తాడు.

వాళ్లకి నేను రెండు జాబితాలు చెప్తాను. ఎండకి అలవాటు పడండి, మజ్బూస్‌కి అలవాటు పడండి, రెండున్నర గంటల తేడాకి అలవాటు పడండి, ఒంటరి గదికి అలవాటు పడండి. ఆపేసిన జీతానికి, లేచిన చేతికి, బయట వేసిన తాళానికి, మాలియాలో ఇంటిపేరు అడిగి మొహం తిప్పుకునే మనవాళ్లకి అలవాటు పడొద్దు. పాస్‌పోర్టు జిరాక్సు మూడు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి పెట్టెలో, ఒకటి జాకెట్లో పెట్టుకోమంటాను. ఎంబసీ నంబరు బట్ట మీద కుట్టించుకోమంటాను. రా, పో, తే కంటే ముందు లేష్ అనే మాట నేర్చుకోమంటాను.

చదువుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. మీ పేటల్లో కువైట్ నించి, దుబాయ్ నించి, మస్కట్ నించి వచ్చిన అమ్మలు, పిన్నమ్మలు ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చోండి. ఏడిపించడానికి కాదు. ఎన్నింటికి లేచావు, ఎన్నింటికి పడుకున్నావు, ఎన్ని నెలల జీతం ఆపారు, ఎవరు నీ చేత్తో తిన్నారు, ఎవరు తినలేదు అని అడిగి రాసుకోండి. "బాగానే ఉండేది" అంటారు మొదట. లేవకండి. ఇంకాసేపు కూర్చోండి.